నూనె నూతికి ఒర దింపిన డ్రేకు

తెలుగు పల్లెలకు విద్యుద్దీపములు రాకమునుపు ప్రొద్దుగ్రుంకు వేళ ప్రతి యింటను తప్పక జరుగు పని యొకటి యుండెడిది. లాంతరు చిమ్నీని బూడిదతో తుడిచి, వత్తిని సమముగా కత్తిరించి, బుడ్డిలో కిరసనాయిలు పోసి వెలిగించుటయే ఆ పని. అంతకు మునుపటి తరములవారికి ఆముదపు దీపమే దిక్కు. ఆముదపు దీపము వెలుగులో అక్షరములు దిద్దుకొన్న తాతల మనుమలు కిరసనాయిలు దీపము చుట్టు కూర్చుండి ఎక్కములు వల్లించిరి. కిరసనాయిలు అనునది పరదేశమునుండి వచ్చిన మాటయే యైనను, అది ఎన్నడో మన యింటి మాటగా మారిపోయినది. ఆ నూనె భూగర్భమునుండి వచ్చునని అందరు నెరుగుదురు. అయితే దానికొరకు భూమిని తొలుచు విద్య ఒక పరిశ్రమగా ఎచ్చట ఆరంభమయ్యెనో, దానికై ఒక సామాన్యుడు ఎన్ని అగచాట్లు పడెనో ఎరిగినవారు కొలదిమంది. ఆ సామాన్యుని పేరు ఎడ్విన్ లారెంటైన్ డ్రేకు. అతడు ఇంజనీరు కాడు, భూగర్భశాస్త్రవేత్త కాడు, ధనికుడును కాడు. చరిత్రలో అతని పేరునకు ముందు నిలిచిపోయిన కర్నలు అను బిరుదము కూడ నిజమైనది కాదు.

డ్రేకు 1819 మార్చి 29వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమున గ్రీన్‌విల్ అను ఊరిలో జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. బాలుని చిన్నతనము కొంత ఆ రాష్ట్రమునను, కొంత వెర్మాంటు రాష్ట్రమునను పొలము పనుల నడుమ గడచెను. చదువు పల్లెబడితోనే ముగిసెను. పందొమ్మిదవ యేట అతడు ఇల్లు విడచి పొట్టకూటికై పడమటి దిక్కునకు బయలుదేరెను. ఈరీ సరస్సుపై బఫెలో, డెట్రాయిట్ నగరముల నడుమ తిరుగు పొగయోడలో రాత్రి గుమాస్తాగా కొంతకాలము పనిచేసెను. మిషిగన్‌లో ఒక బంధువుని పొలమున కూలిపని, ఆ పిమ్మట ఒక హోటలులో గుమాస్తాపని చేసెను. తిరిగి తూర్పుతీరమునకు వచ్చి బట్టల దుకాణములలో కొలువుచేసెను. రైలుద్వారా సరకులు పంపు సంస్థలో ఏజెంటుగా కుదిరెను. తుదకు న్యూయార్కు - న్యూహేవెన్ రైలుమార్గమున కండక్టరు ఉద్యోగము లభింపగా అందులో కొన్ని సంవత్సరములు స్థిరపడెను.

1845లో అతడు ఫిలీనా ఆడమ్స్ అను యువతిని వివాహమాడెను. 1854లో ఆమె ప్రసవ సమయమున మరణించెను. 1857లో అతడు లారా డౌడ్ అను నామెను పునర్వివాహము చేసికొనెను. ఆమె అతనికంటె పదునారేండ్లు చిన్నది. అదే సంవత్సరమున అతడు జబ్బుపడి రైలు ఉద్యోగమును విడువవలసి వచ్చెను. అప్పటికతనికి ముప్పదియెనిమిది సంవత్సరములు. చేతిలో పని లేదు. ఒంటిలో బలము లేదు. నిలువయున్న సొమ్ము స్వల్పము. అయితే రైలుసంస్థ అతనియందలి ఆదరముచేత ఉద్యోగము మానిన తరువాతకూడ ఉచితముగా ప్రయాణము చేయుటకు పాసు ఇచ్చియుండెను. ఆ చీటీముక్కయే అతని జీవితమును మలుపు త్రిప్పినది.

ఆ మలుపును గ్రహించుటకు ఆనాటి దీపముల సంగతి కొంత తెలియవలెను. అమెరికాలో కలవారు తిమింగలపు నూనెతో దీపములు వెలిగించుకొనెడివారు. తిమింగలములు తరిగిపోవుటచే ఆ నూనె ధర పెరుగుచుండెను. కెనడా దేశస్థుడగు అబ్రహాము గెస్నరు నేలబొగ్గు మొదలగు ఖనిజములను బట్టీపట్టి దీపపు నూనె తీయుట కనిపెట్టి, దానికి కెరోసిన్ అని పేరు పెట్టెను. మైనమునకు గ్రీకు భాషలోగల పేరునుండి ఆ మాట పుట్టినది. మన కిరసనాయిలు అదియే. ఆ నూనె మంచిదే గాని, బొగ్గునుండి తీయుట వ్యయముతో కూడిన పని.

ఇది యిట్లుండగా పెన్సిల్వేనియా రాష్ట్రపు వాయవ్యభాగమున టైటస్‌విల్ అను చిన్న ఊరిచెంత ఒక వాగు నీటిమీద నల్లని చిక్కని నూనె తెట్టెగట్టి ప్రవహించుచుండెను. ఆ వాగునకు ఆయిల్ క్రీక్ అనియే పేరు. అచ్చటి ఆదివాసులైన సెనెకా జాతివారు నీటిపై కంబళ్ళు పరచి, నూనెను పీల్చిన పిమ్మట వానిని పిండి, ఆ నూనెను మందుగా వాడెడివారు. తెల్లవారును వారినుండి ఆ వాడుకను నేర్చుకొనిరి. పిట్స్‌బర్గు ప్రాంతమున ఉప్పునీటికై తొలిచిన నూతులలో ఇదే నూనె ఊరి ఉప్పును పాడుచేయుచుండెను. ఆ నూతుల యజమాని శామ్యూల్ కీయర్ మొదట ఆ నూనెను సీసాలలో నింపి సర్వరోగనివారిణిగా అమ్మెను; పిదప దానిని బట్టీపట్టి దీపములకు వాడి చూచెను.

నూనెకై భూమిని త్రవ్వుట డ్రేకుతోనే మొదలైనదనుట సత్యము కాదు. చీనాదేశమున సిచువాన్ ప్రాంతమువారు వెదురుమోకులకు ఇనుప ఉలులు కట్టి, శతాబ్దములుగా ఉప్పునీటికిని వాయువునకును నూతులు తొలుచుచుండిరి. 1835లో వారు తొలిచిన నూయి ఒకటి వేయి మీటర్ల లోతును దాటినది. కాస్పియన్ సముద్రతీరమున బాకు నగరము చెంత 1840ల చివరనే నూనెకొరకు నూయి తొలిచిరి. కెనడాలో 1858లో త్రవ్విన నూతినుండి నూనె తోడి అమ్మిరి. ఇన్ని జరిగినను ఇవి ఎక్కడివక్కడనే నిలిచిపోయినవి. టైటస్‌విల్ నూయి మాత్రము కొలది సంవత్సరములలో ప్రపంచమంతటికి దారి చూపినది.

ఆ ఆలోచనకు బీజము వేసినవాడు జార్జి బిస్సెల్ అను న్యాయవాది. అతడు 1853లో తాను చదివిన డార్ట్‌మత్ కళాశాలకు పోయి, అచ్చట ఒక సీసాలో నిలువయుంచిన టైటస్‌విల్ రాతినూనెను చూచెను. మందుగా అమ్మబడు నూనె దీపమునకు ఏల పనికిరాదని అతనికి తోచెను. భాగస్వామితో కలిసి ఆ వాగుచెంత భూమిని సంపాదించి, పరీక్షకై నూనెను యేల్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడగు బెంజమిన్ సిల్లిమన్‌కు పంపెను. సిల్లిమన్ 1855 ఏప్రిలులో తన నివేదికను పూర్తిచేసెను. ఆ నూనెలో కనీసము సగభాగము చక్కని దీపపు నూనెగా మారునని అతడు తేల్చెను. తన ప్రతిఫలము ముట్టువరకు నివేదికను చేతికియ్యలేదు కూడ. శాస్త్రజ్ఞునకు 526 డాలర్లు ముట్టినవి. కంపెనీకి నమ్మకము చిక్కినది.

ఇక చిక్కవలసినది నూనె. వాగుపై తేలుదానిని దోసిళ్ళతో ఎత్తి దేశమునకు దీపములు వెలిగింపజాలరు. న్యూయార్కు నగరమున ఒక మందుల దుకాణము అద్దములో బిస్సెల్ కీయర్ వారి ప్రకటనపత్రమును చూచెననియు, అందులోని ఉప్పునూతుల బొమ్మను గాంచగనే నూనెనుకూడ అట్లే భూమిని తొలిచి తీయవచ్చునని తలచెననియు చెప్పుదురు.

కంపెనీకి పెట్టుబడి సమకూర్చినవారిలో ముఖ్యుడు న్యూహేవెన్ నగరపు బ్యాంకరు జేమ్స్ టౌన్‌సెండ్. ఆ నగరమున టౌన్‌సెండ్ వసించు హోటలులోనే డ్రేకుకూడ దిగియుండెను. ఆ పరిచయమువలననే డ్రేకు తనయొద్దనున్న 200 డాలర్లు ఈ కంపెనీ వాటాలలో పెట్టెను. టైటస్‌విల్ పోయి పరిస్థితులు చూచివచ్చుటకు కంపెనీకి ఒక మనిషి కావలసెను. డ్రేకు ఖాళీగానున్నాడు. పైగా అతనియొద్ద రైలుపాసు కలదు. అతనిని పంపిన దారిఖర్చు మిగులును. భూగర్భవిద్య తెలిసినవానిని వెదకకుండ అతనినే ఎన్నుకొనుటకు ఇదియొక ప్రధాన కారణము. చౌకగా వచ్చు మనిషి యని పంపిరి. ఎంత గట్టివాడో అప్పుడెవరు నెరుగరు.

1857 డిసెంబరులో డ్రేకు టైటస్‌విల్ చేరెను. అతడు చేరుటకు ముందే అతని పేర కొన్ని ఉత్తరములు అచ్చటికి చేరియుండెను. అడవిమనుషులవంటి కట్టెలవ్యాపారుల నడుమ తమ మనిషికి కొంత గౌరవము కలుగవలెనని టౌన్‌సెండ్ ఆ ఉత్తరములపై కర్నలు డ్రేకు అని వ్రాయించెను. డ్రేకు ఏనాడును సైన్యములో చేరలేదు, తుపాకి పట్టలేదు. అయినను ఊరివారందరు ఆనాటినుండి అతనిని కర్నలుగారనియే పిలిచిరి. మర్యాదకై అంటగట్టిన ఆ బిరుదము అతని సమాధివరకును వెంట వచ్చినది.

భూమి పత్రములు సరిచూచి డ్రేకు మరలిపోయి ఆశాజనకముగా వార్త చెప్పెను. 1858లో సెనెకా ఆయిల్ కంపెనీ అను పేర క్రొత్తసంస్థ ఏర్పడెను. అందులో డ్రేకునకు సంవత్సరమునకు 1,000 డాలర్ల జీతము. ఆ సంవత్సరము మే మాసమున అతడు భార్యాబిడ్డలతో టైటస్‌విల్ వచ్చి హోటలులో కాపురము పెట్టెను. మొదట అతడు కూలీలచేత పారపలుగులతో నూయి త్రవ్వింపసాగెను. వాగు ఒడ్డున నేల ఎంతటిది? కొలది అడుగులు దిగగనే నీరూరి గొయ్యి నిండెను. తోడినకొలది నీరు, త్రవ్వినకొలది కూలుట. ఇట్లు ఫలము లేదని గ్రహించి, ఉప్పునూతులవలె తొలుచుటయే మార్గమని నిశ్చయించి, ఆరు గుఱ్ఱముల బలముగల ఆవిరియంత్రమును సంపాదించెను. నూయి తొలుచు పనివారికై టారెంటమ్ ఉప్పునూతుల ప్రాంతమునకు పోయెను. మాట యిచ్చినవారు రాలేదు. నూనెకై రాతిని తొలిపించువాడు మతిలేనివాడని వారు భావించిరి. ఇంతలో చలికాలము వచ్చి పని నిలిచెను. ఒక సంవత్సరము వ్యర్థముగా గడచిపోయెను.

1859 వసంతమున డ్రేకునకు విలియం స్మిత్ అను పనివాడు దొరికెను. అతడు కమ్మరి, ఉప్పునూతులు తొలుచు పనిముట్లు చేయుటలోను, వానిని వాడుటలోను ఆరితేరినవాడు. బిల్లీ మామ అని అందరును అతనిని పిలుచుచుండిరి. దినమునకు రెండున్నర డాలర్ల కూలికి, కుమారుని సహాయముకూడ అందులోనే కలిపి, అతడు ఒప్పుకొనెను. తన చేతులతో కాచి సాగగొట్టిన ఉలులు, కడ్డీలు బండిపై వేసికొని కుటుంబముతో టైటస్‌విల్ చేరెను. డ్రేకు చరిత్రలో ఈ కమ్మరికి దక్కవలసిన స్థానము చిన్నది కాదు.

తొలుచు విధానము వినుటకు సులభము. నూతిపై ఎత్తయిన కొయ్య గోపురమును నిలుపుదురు. ప్రక్కన ఆవిరియంత్రము ఒక బరువైన దూలమును మన ఏతామువలె పైకిని క్రిందికిని ఊపుచుండును. దూలపు కొననుండి మోకు, మోకు చివర మిక్కిలి బరువైన ఇనుప ఉలి వ్రేలాడుచుండును. దూలము లేచినప్పుడు ఉలి లేచును. దిగినప్పుడు తన బరువుతో రాతిపై పడి దానిని నలగగొట్టును. నలిగిన పొడిని నీటితో కలిపి అడుగున మూతగల పొడవైన చేదతో తోడివేయుదురు. మరల ఉలి దింపుదురు. ఇట్లు లేచుచు పడుచు, దినమునకు కొలది అడుగుల చొప్పున నూయి దిగవలసియుండును.

కష్టమెల్ల రాతిని చేరువరకే. వాగు ఒడ్డున పైపొరలు ఇసుక, గులకరాళ్ళు, బంకమన్ను. ఉలి చేసిన రంధ్రమును నీరును ఇసుకయు మరుక్షణమే పూడ్చివేయుచుండెను. స్మిత్ నేర్చిన ఉప్పునూతుల విద్య ఇచ్చట చాలలేదు. ఇక్కడనే డ్రేకు తన ఆలోచన చూపెను. మొదట రంధ్రము చేసి పిదప కాపాడుట కాక, మొదటనే కాపుదల దింపవలెనని అతనికి తోచెను. పది అడుగుల పొడవు గల పోత ఇనుప గొట్టములను తెప్పించి, ఒకదానిపై నొకటి నిలిపి, బరువైన దిమ్మతో కొట్టుచు నేలలోనికి దిగగొట్టించెను. 32 అడుగుల లోతున గొట్టము గట్టిరాతిని తాకెను. అంతట నీరు, ఇసుక గొట్టమునకు వెలుపల ఉండిపోయినవి. గొట్టము లోపలినుండి ఉలి దింపి రాతిని నిశ్చింతగా తొలువసాగిరి.

తెలుగు రైతునకు ఈ ఉపాయము వింతగా తోపదు. గోదావరి లంకలలోను, సముద్రతీరపు ఇసుకనేలలలోను నూయి త్రవ్వువారు గోడలు కూలకుండ మట్టి ఒరలను ఒకదానిపై నొకటి దింపుట అనాదిగా నెరిగినదే. డ్రేకు దింపినది ఇనుప ఒర. ఉపాయములు గొప్పవగుటకు మిక్కిలి చిక్కైనవి కానక్కరలేదు. వలసిన చోట, వలసిన వేళ తోచిన చాలును. ఆ గొట్టమునకు అతడు హక్కుపత్రము తీసికొనలేదు. తీసికొనవలెనని అతనికి తోచినట్లును లేదు.

రాతిలో నూయి దినమునకు మూడడుగుల చొప్పున దిగుచుండెను. డబ్బు అంతకంటె వేగముగా తరుగుచుండెను. న్యూహేవెన్‌లోని వాటాదారులు ఒక్కరొక్కరే చేయి వెనుకకు తీసికొనిరి. టౌన్‌సెండ్ మాత్రము కొంతకాలము తన సొంత సొమ్ము పంపెను. ఊరిలో పెద్దలు నవ్వుకొనిరి. పిల్లలు నూతిచెంతకు వేడుక చూడ వచ్చిరి. అయినను డ్రేకు ముఖమును చూచి ఇద్దరు మిత్రులు హామీ సంతకము చేయగా 500 డాలర్లు అప్పు పుట్టెను. ఊరివారు నవ్విరనుట ఎంత నిజమో, అదే ఊరివారిలో ఇద్దరు తమ పేరును పణముపెట్టిరనుటయు అంతే నిజము.

ఆగస్టు చివరకు టౌన్‌సెండ్ ఓపికయు తీరెను. అప్పులు తీర్చుటకు తుది మొత్తమును పంపుచు, పని ఆపి తిరిగి రావలసినదిగా డ్రేకునకు ఉత్తరము వ్రాసెను. ఆనాటి తపాలా గుఱ్ఱపుబండ్లమీద మెల్లగా వచ్చునది. ఆ మెల్లదనమే ఈ కథకు ప్రాణము పోసినది. ఉత్తరము డ్రేకు చేతికి చేరుసరికే జరుగవలసినది జరిగిపోయినదని చెప్పుదురు.

1859 ఆగస్టు 27, శనివారము. సాయంకాలము కావచ్చెను. నూయి 69½ అడుగుల లోతునకు దిగెను. ఉన్నట్టుండి ఉలి ఒక నెఱ్ఱెలోనికి జారి ఆరంగుళములు క్రిందికి పోయెను. స్మిత్ దానిని పెద్దగా పట్టించుకొనక పనిముట్లు పైకి లాగి యింటికి పోయెను. మరునాడు ఆదివారము, సెలవుదినము. అయినను పనివాని మనసు నూతివద్దనే యుండెను కాబోలు, ఆ మధ్యాహ్నము అతడు వచ్చి గొట్టములోనికి తొంగిచూచెను. నేలమట్టమునకు కొలది అడుగుల లోతుననే ఏదో నల్లగా తళుకుమనెను. ఒక రేకు గొట్టపు ముక్కకు ఒక కొన మూసి, దానిని చేదగా దింపి పైకి తీసెను. అది నీరు కాదు. నూనె.

సోమవారము డ్రేకు వచ్చుసరికి స్మిత్ తొట్టెలు, గంగాళములు, సారాయిపీపాలు నూనెతో నింపి వాని నడుమ కావలి కూర్చుండెను. సామాన్యమైన చేతిపంపు బిగించి తోడగా నూనె ధారగా వచ్చెను. దినమునకు ఎన్ని పీపాలు వచ్చెననుటలో లెక్కలు భిన్నముగా నున్నవి. పదికి తక్కువ కాదు, ఇరువదియైదునకు మించదు. నేటి నూతులతో పోల్చిన ఇది లెక్కకు రానిది. కాని అంతవరకు కంబళ్ళు పిండి సీసాలు నింపుకొన్నవారికి అది భాండాగారమే.

ఆ వార్త వాగువెంట గాలికంటె వేగముగా పోయెను. కట్టెలవ్యాపారియగు జోనథన్ వాట్సన్ వెంటనే గుఱ్ఱమెక్కి వాగుకు ఇరువైపుల రైతులనుండి భూములు కౌలునకు వ్రాయించుకొనెను. బిస్సెల్ న్యూయార్కునుండి పరుగున వచ్చి కొన్ని పొలములు కొనెను. మరికొన్ని కౌలునకు తీసికొనెను. ఇరువురును మహాధనవంతులైరి. ఆ సమయమున డ్రేకు పంపు బాగుచేయుచు, నూనె నింపుటకు పీపాలకై తిరుగుచుండెను. తాను జీతగాడు, కంపెనీ నూయి నడపుట తన విధి. చుట్టునున్న భూమిలో ఒక్క ఎకరమైన తనపేర కౌలునకు తీసికొనలేదు. నూనె ఎక్కడ కలదో లోకములో అందరికంటె ముందెరిగినవాడు, దానిని తనదిగా చేసికొనుటలో అందరికంటె వెనుకబడెను.

అక్టోబరు 7వ తేదీన స్మిత్ చేతిదీపపు జ్వాల వాయువునకు అంటుకొని నూతిపై కొయ్య గోపురము, నిలువయున్న నూనె తగులబడిపోయినవి. డ్రేకు కొలదికాలములో తిరిగి కట్టించెను. అది రాబోవు ప్రమాదములకు తొలి హెచ్చరిక. 1861 ఏప్రిలులో అదే వాగుచెంత పంపు లేకయే నూనె ఎగజిమ్మిన నూయి అంటుకొని 19 మంది మరణించిరి. వాగు నీరు నూనెతో నల్లబడెను. అడవులు నరికివేయబడి కొండలు బోడివైనవి. సంపదతో కూడ ఈ నష్టములును ఆ నూతినుండియే వచ్చినవని చరిత్ర మరువరాదు.

ధరల ఆటయు అప్పుడే మొదలయ్యెను. 1860 ఆరంభమున పీపా నూనె 20 డాలర్లు పలికెను. అందరును నూతులు తొలిచిరి. 1861 చివరకు అదే పీపా 10 సెంట్లకు పడిపోయెను; నూనెకంటె పీపాకే వెల ఎక్కువ. 1862లో ఆ దేశపు ఉత్పత్తి సుమారు 30 లక్షల పీపాలకు చేరెను. నూనె పీపా యనగా 42 గాలన్లనియు ఆ ప్రాంతపు వర్తకులే 1860లలో స్థిరపరచిరి. నేటికిని ప్రపంచమంతట నూనెను లెక్కించునది ఆ కొలతతోనే. 1863లో జాన్ రాకిఫెల్లర్ క్లీవ్‌లాండ్ నగరమున నూనె శుద్ధిచేయు వ్యాపారమున ప్రవేశించి, 1870లో స్టాండర్డు ఆయిల్ కంపెనీని స్థాపించెను. అమెరికా దీపపు నూనె డబ్బాలలో నిండి సముద్రములు దాటి మన రేవులకును చేరెను.

ఇంత జరుగుచుండగా డ్రేకు ఏమయ్యెను? 1860లో సెనెకా కంపెనీతో అతని సంబంధము తీరిపోయెను. ఊరివారు అతనిని చిన్న తగవులు తీర్చు న్యాయాధికారిగా ఎన్నుకొనిరి. న్యూయార్కు వర్తకులకు నూనె కొనిపెట్టి కమీషను సంపాదించెను. 1863లో పదునైదు ఇరువది వేల డాలర్లతో టైటస్‌విల్ విడిచిపోయెను. ఒక కుటుంబము సుఖముగా బ్రతుకుటకు అది చాలిన మొత్తమే. కాని న్యూయార్కు వాటాల బజారులో భాగస్వామిగా చేరి నూనె వాటాలపై పందెమువేసి 1866 నాటికి అంతయు పోగొట్టుకొనెను. భూమిలోపలి నూనెను సాధించినవాడు కాగితముపై నూనెకు బలియయ్యెను. ఇందు ఇతరుల దోషము లేదు, తన దోషమే.

అప్పటికే నరముల వ్యాధి అతని వెన్నెముకను పట్టి పీడింపసాగెను. నడచుటకే శక్యము కాకుండెను. చికిత్సకు డబ్బులేదు. భార్య లారా కుట్టుపని చేసి సంసారమును ఈడ్చుకొనివచ్చెను. 1869లో అతడు కుమారునకు ఉద్యోగము వెదకుటకై న్యూయార్కు వీధులలో కుంటుచు నడచుచుండగా టైటస్‌విల్ వాసి యొకడు గుర్తుపట్టి నివ్వెరపోయెను. తమ ఊరిని కోటీశ్వరుల ఊరుగా చేసిన కర్నలుగారు చిరిగిన కోటుతో నిలిచియుండెను. ఆ వార్త విన్న టైటస్‌విల్ పౌరులు చందాలు వేసి 4,000 డాలర్లకు పైగా పోగుచేసి పంపిరి. 1870లో అతడు కుటుంబముతో పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ పట్టణమునకు మారెను. 1873లో ఆ రాష్ట్ర శాసనసభ అతనికి సంవత్సరమునకు 1,500 డాలర్ల భృతి నిర్ణయించెను. అతని నూతివలన రాష్ట్రమునకు చేరిన సంపదతో పోల్చిన అది సముద్రములో బొట్టు. ఆకలితో నున్న యింటికి అది ఆధారము. 1880 నవంబరులో డ్రేకు బెత్లెహేములో కన్నుమూసెను. అతనికి అరువదియొక్క సంవత్సరములు.

మరణించిన ఇరువదియేండ్లకు అతని కీర్తి మేలుకొనెను. స్టాండర్డు ఆయిల్ కంపెనీ ప్రముఖులలో నొకడైన హెన్రీ రోజర్స్ టైటస్‌విల్ శ్మశానవాటికలో గొప్ప స్మారకచిహ్నమును కట్టించెను. అది 1901లో పూర్తయ్యెను. పిమ్మట డ్రేకు అస్థికలను బెత్లెహేమునుండి తెచ్చి అచ్చట నిక్షేపించిరి. నూయి తొలిచిన స్థలమున నేడు ప్రదర్శనశాల కలదు. ఆనాటి గోపురమునకు, ఇంజను ఇంటికి ప్రతిరూపములు అందు నిలిచియున్నవి.

ఆ నూయి ఎవరిదని విచారించినచో జవాబు తేలిక కాదు. ఆలోచన బిస్సెల్‌ది. శాస్త్రము సిల్లిమన్‌ది. సొమ్ము టౌన్‌సెండ్‌ది. ఉలి స్మిత్‌ది. వీరిలో ఎవరు లేకున్నను నూయి లేదు. అట్లే వీరందరు నుండియు డ్రేకు లేనిచో పని గొయ్యి నీటితో నిండిన నాడే నిలిచిపోయెడిది. అతనిది రెండే వస్తువులు: ఒకటి ఇనుప గొట్టము, రెండవది అక్కడినుండి కదలకుండుట. మొదటిది బుద్ధి చేసిన పని. రెండవది స్వభావము చేసిన పని. లాభమును పంచుకొన్నవారిలో మాత్రము అతడు లేడు. లోకము గొప్ప పనికి ఇచ్చు కూలి ఒకచోట, ఆ పని చేసిన చేయి వేరొకచోట నుండుట తరచుగా జరుగునది. దానిని సరిదిద్దుటకు టైటస్‌విల్ పౌరులు ఆలస్యముగానైన పూనుకొనిరి. అది వారి ఘనత.

డ్రేకు నూయి తొలిచిన ఎనిమిదేండ్లకే, 1867లో, అస్సాములోని మాకుం వద్ద 118 అడుగుల లోతున నూనె పడెను. 1889లో ఆరంభించిన నూతితో డిగ్బాయ్ వర్ధిల్లెను. తరువాతి శతాబ్దమున కృష్ణా గోదావరుల ముఖద్వారములయందు వాయువుకై వేలకొలది అడుగుల లోతు నూతులు తొలిచిరి. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి వద్ద అట్టి నూయి ఒకటి అదుపుతప్పి, రెండు నెలలకు పైగా ఆకాశమెత్తు మంటలతో మండి, భూగర్భసంపదను తీయువారికి ఉండవలసిన జాగ్రత్తను మన కన్నులయెదుటనే బోధించెను. నేడు ఉలి స్థానమున గిరగిర తిరుగు తొలుపుడు పండ్లు వచ్చినవి. మోకు స్థానమున ఉక్కు గొట్టములు వచ్చినవి. అయినను కోనసీమ మెత్తని నేలలో నూయి తొలుచువారు మొట్టమొదట చేయు పని పైపొరలు కూలకుండ ఒక పెద్ద ఇనుప గొట్టమును దింపుటయే.

టైటస్‌విల్ స్మారకచిహ్నముపై నిలిపిన కంచు విగ్రహము డ్రేకుది కాదు. ఉలిపై సమ్మెట వేయుచున్న పేరులేని శ్రామికునిది. సైన్యమెరుగని కర్నలుకు అంతకంటె తగిన గౌరవము వేరొకటి యుండజాలదు.